రాజీయా? పరిణతియా?

మన సాహిత్య ప్రపంచమున నొక వింత న్యాయము చెల్లుబాటగుచున్నది. ఒక రచయిత మరియొక రచయితను విమర్శించినచో అది అసూయ యందురు. ఆ రచయితయే పది యిరువది యేండ్లు గడచిన పిమ్మట, తాను విమర్శించినవాని గొప్పతనమును నోరార నొప్పుకొన్నచో అది లొంగుబాటందురు. రెండును మాని యూరకున్నచో పిరికితన మందురు. తిట్టినను తప్పు, మెచ్చినను తప్పు, నోరు మూసికొన్నను తప్పు అయినపుడు కళాకారుడు చేయవలసిన పనియేమో ఈ న్యాయాధిపతులే సెలవియ్యవలెను.

ఈ న్యాయము నాకు సమ్మతము కాదు. యౌవనమున కఠినముగా విమర్శించుటయు, పరిణతవయస్సున సమదృష్టితో మరల చదివి మెచ్చుటయు నొకే సత్యనిష్ఠకు రెండు దశలని నా వాదము. మొదటి దశను పొగడి రెండవదానిని నిందించువారు కొందరు; వారు శిష్యులు, అభిమానులు. రెండవదానిని పొగడి మొదటిదానిని పాపముగా నెంచువారు మరికొందరు. వారు సన్మానసభల నిర్వాహకులు. ఈ యిరుతెగలవారును కళకు సమానముగా అపకారము చేయుచున్నారు.

ముందుగా ప్రతిపక్షుల మాట వినుట న్యాయము. వారి వాదము మూడు మెట్లుగా నున్నది. సిద్ధాంతము మారనిచో అభిప్రాయము మాత్రమెట్లు మారునని మొదటి ప్రశ్న. వయస్సు మీదపడినకొలది మనుష్యునికి పోరాడు శక్తి తగ్గును గనుక ఆ నీరసమునకే ఔదార్యమని పేరు పెట్టుకొనునని రెండవ మాట. మెప్పు వెనుక పదవియో బిరుదో శాలువయో దాగియుండునని మూడవ అనుమానము. ఈ మూడును బొత్తిగా నిరాధారములని నేననను. బేగంపేట మొదలు రవీంద్రభారతి వరకు ఈ నగరమున జరుగు సాయంకాలపు సభలు చూచినవా రెవ్వరును అట్లనజాలరు. ఒకరి పుస్తకము నొకరు విప్పి చూడనివారు వేదికపై నొకరినొకరు మహాకవియని పిలుచుకొందురు. మెడలో దండ వాడకముందే మెట్లు దిగుచు వెనుకటి మాటలనే గొణుగుకొందురు. అట్టిదానిని ఇచ్చిపుచ్చుకోలనవలెను. దానిని సఖ్యమన్నచో సఖ్యమను మాటకే అవమానము.

కాని నకిలీ నాణెము చెలామణిలో నున్నదని అసలు నాణెమును బావిలో పారవేయుదుమా? గీటి చూచుటకు గీటురాయి యుండవలెను గదా. నాకు మూడు ప్రశ్నలు చాలునని తోచుచున్నది. మెచ్చినవాడు తన వెనుకటి విమర్శను దాచెనా, లేక నిలువనిచ్చెనా? ఆ మెప్పువలన అతనికి చేకూరిన లాభమేమి? ఇద్దరికిని నడుమ ఇంకను మిగిలియున్న భేదమును ఎరిగియే మెచ్చెనా, లేక భేదమే లేదని నటించెనా? ఈ మూడు ప్రశ్నలకు నిలిచిన సఖ్యము పరిణతి, నిలువనిది బేరము. ఇక మన వాఙ్మయ చరిత్రమునుండియే సాక్ష్యములు పిలిచి విచారింతము.

తొలి సాక్షి శ్రీశ్రీ. 1928లో ఆయన అచ్చువేసిన తొలి పుస్తకము ‘ప్రభవ’. అది అప్పటి కవులు నడచిన బాటలోనే నడచిన రచన. ఆ బాట తనది కాదని గ్రహించి, 1930ల దశాబ్దిలో ఆయన వ్రాసిన గేయములే పిమ్మట 1950లో ‘మహాప్రస్థానము’గా వెలువడినవి. చూడుడు, ఆయన మొదట తిరుగబడినది తన్ను తీర్చిన కవిత్వముపైననే. భావకవిత్వమును ఆయన ఎగతాళి చేసినపుడు ఆ దెబ్బ సగము తన నిన్నటి కలముపైననే పడినది. యువకవి పెద్దలను విమర్శించుట పొగరువలననే యని తలచువారు ఈ సంగతిని మరువరాదు. అప్పటికే పెరిగిన మఱ్ఱిచెట్టు నీడలో క్రొత్త మొలక ఎదుగదు. కొమ్మ నరికి వెలుతురు తెచ్చుకొనుట దానికి ప్రాణావసరము. ఆ నరకుటలో నొక్కొకప్పుడు అనవసరపు దెబ్బయు పడును. పెద్దలయెడ గౌరవమను పేరుతో ఆ గొడ్డలిని లాగుకొనువారు పెద్దలకు మేలుచేయరు. రాబోవు వనమునకు మాత్రము చేటు చేయుదురు.

ఇపుడు విశ్వనాథ సత్యనారాయణగారిని చూడుడు. శ్రీశ్రీకంటె పదునైదేండ్లు పెద్ద. ఛందస్సునకు, సనాతన ధర్మమునకు, వర్ణవ్యవస్థకు బాహాటముగా నిలిచిన కవి. ‘వేయిపడగలు’ చదివిన ప్రతి సంస్కరణాభిలాషికిని ఆయనతో తగవు పడవలసిన తావులు తప్పక దొరకును. శ్రీశ్రీ ఆ తగవును మొగమాటము లేక పడెను. విశ్వనాథ భావములు కాలమును వెనుకకు లాగునవని ఖండించెను. విశ్వనాథయు నూరకుండలేదు, వచనకవిత్వమును, దానితో వచ్చిన రాజకీయములను ఆయన నిరసించెను. ఇద్దరికిని నడుమ నున్నది చిన్న పేచీ కాదు. మనుష్యుడెట్లు బ్రతుకవలెను, సంఘమెట్లుండవలెను, పద్యమెందులకు వ్రాయవలెను అను మూడు పెద్ద ప్రశ్నలకును వారి జవాబులు ఎదురెదురు దిక్కులవి.

అట్టి వీరి కథలో రెండు సంగతులు గమనింపదగినవి. 1930ల చివర గుంటూరులో జరిగిన నవ్యసాహిత్య పరిషత్తు సభలో శ్రీశ్రీ తన ‘కవితా! ఓ కవితా!’ అను గేయమును చదివినపుడు దానిని విని చలించి మెచ్చినవారిలో విశ్వనాథ యొకరు. ఛందోబద్ధమైన పద్యమునకు ప్రాణమిచ్చు కవి, ఆ కట్టుబాటును త్రెంచుకొని వచ్చిన గేయమున కవిత్వమున్నదని గుర్తించెను. ఇది మొదటిది. పిమ్మట దశాబ్దముల తగవు నడచినను, శ్రీశ్రీయే విశ్వనాథను కీర్తించుచు నొక గేయము వ్రాసి, ఆయనను తెలుగుజాతి సొత్తులలో నొకనిగా నెంచెను. ఇది రెండవది.

మన గీటురాయిపై దీనిని గీటి చూతము. శ్రీశ్రీ తన వెనుకటి విమర్శలను ఉపసంహరించుకొనెనా? లేదు; అవి నేటికిని ఆయన రచనలలో నున్నవి. ఆయనకు లాభమేమైన కలిగెనా? వామపక్ష కవిగా పేరు మోసినవాడు సనాతన కవిని కొనియాడినచో స్వపక్షమున కనుబొమలు ముడివడునే కాని జేబులో కాసు పడదు. భేదమును మరుగుపరచెనా? మరుగుపరచవలసిన అవసరమే లేదు. తెలుగుదేశమున చదువు వచ్చినవారందరికిని ఆ భేదము తెలిసినదే. విశ్వనాథ చివరివరకును విశ్వనాథగానే యుండెను. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము ఆయన ‘రామాయణ కల్పవృక్షము’నకే వచ్చెను. శ్రీశ్రీయు చివరివరకు శ్రీశ్రీగానే యుండెను. సిద్ధాంతము మారలేదు, మారినదేమి? చూపు మారినది. యౌవనమున శత్రువు సిద్ధాంతము మాత్రమే కనబడును. తానును నలువదియేండ్లు మాటలతో కుస్తీపట్టిన పిమ్మట, ఆవలివాడు అదే కుస్తీలో ఎంత చెమట కార్చెనో కనబడును. పనివానికే పనివాని కష్టము తెలియును. సిద్ధాంతము మారనిచో అభిప్రాయమెట్లు మారునన్న మొదటి ప్రశ్నకు ఇదియే సమాధానము. అభిప్రాయమునకు సిద్ధాంత మొక్కటే పునాది కాదు. పనితనము కూడ పునాదియే.

కాని సిద్ధాంతమే మారుట తప్పా? అదియు తప్పుకాదనుటకు రెండవ సాక్షిని పిలుచుచున్నాను. కందుకూరి వీరేశలింగం పంతులుగారిని గూర్చి సంస్కరణాభిలాషులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1874లో ‘వివేకవర్ధని’ స్థాపించినది మొదలు ఆయన కలము ఎవ్వరిని విడిచినది గనుక? కొక్కొండ వేంకటరత్నం పంతులుగారితో పత్రికాముఖమున ఆయన నడపిన వాగ్యుద్ధము ఆనాటి తెలుగువారికి పెద్ద వినోదము. అట్టి యోధుడు తన గద్యమును జీవితమంతయు గ్రాంథికమునందే వ్రాసెను. మరియొక వంక గిడుగు రామమూర్తి పంతులుగారు గ్రాంథికవాదుల పుస్తకములలోనుండియే తప్పులు ఏరి చూపి, ఎవ్వరికిని నిర్దుష్టముగా వ్రాయరాని భాషను పిల్లల నెత్తిన రుద్దనేల యని అడుగుచుండెను. ఆ బాణములు తగులు వైపుననే వీరేశలింగంగారి పుస్తకములును నున్నవి. అయినను 1919 ఫిబ్రవరి 28వ తేదీన రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినపుడు దానికి అధ్యక్షుడైనది వీరేశలింగంగారే. ఆ మే నెల 27వ తేదీన ఆయన మరణించెను.

ఏడుపదుల వయస్సు దాటి, దేహము సడలి, కీర్తి నిండిన పిమ్మట ఒక మనుష్యుడు తన జీవితకాలపు గద్యశైలికి వ్యతిరేకమైన పక్షమున నిలిచెను. దీనిని నీరసమందురా? నీరసమైనచో ఊరకుండుట సులభము. పాత గౌరవములను కాపాడుకొనుచు నిద్రించుట ఇంకను సులభము. మూడు నెలలలో లోకమును విడువబోవు వృద్ధుడు క్రొత్త పోరాటమునకు తన పేరు నిచ్చుట శక్తి ఉడిగినవాని లక్షణము కాదు. వయస్సు మీదపడినచో ఔదార్యమను ముసుగు వేసికొందురన్న రెండవ మాట ఇక్కడ నిలువదు.

ఇక మన హైదరాబాదునకు వత్తము. 1965లో ఈ నగరముననే ఆరుగురు యువకులు దిగంబర కవులమని ప్రకటించుకొని తమ తొలి సంపుటమును తెచ్చిరి. పెద్ద మనుష్యుల చేతులమీదుగ ఆవిష్కరించుట మాని, అర్ధరాత్రమున నొక రిక్షా కార్మికునిచేత ఆవిష్కరింపజేసిరి. 1966లో రెండవది, 1968లో మూడవది వెలువడెను. సంఘముపై వారికున్న కోపమంతయు ఆ పుటలలో కుమ్మరించిరి. అభ్యుదయ కవిత్వము చల్లారినదనియు, దానిని వెలిగించిన పెద్దలే సుఖమునకు మరగిరనియు నిందించిరి. అప్పటికి మదరాసున సినిమా పాటలు వ్రాసి జీవించుచున్న శ్రీశ్రీకిని ఆ నింద తగులక మానదు. వారి భాష గృహస్థుల చెవులకు సోకరానిదని పెద్దలు చెవులు మూసికొనిరి. ఆ భాషలో కొంత కేవలము అదరగొట్టుటకే యని నేనును తలంతును. కాని ఆ కోపము దొంగ కోపము కాదు.

ఐదేండ్లు గడచెను. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్టణమున శ్రీశ్రీ షష్టిపూర్తి జరుగుచుండగా, రచయితలు ఎవరి పక్షమో తేల్చుకొనుడని విద్యార్థులు సవాలు విసరిరి. ఆ జూలై 4వ తేదీన హైదరాబాదున విప్లవ రచయితల సంఘము పుట్టెను. దానికి తొలి అధ్యక్షుడు శ్రీశ్రీ. దిగంబర కవులు ఆరుగురిలో నలుగురు, అనగా నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, ఆ సంఘమున చేరిరి. నిన్న చల్లారిన నిప్పని ఎవరిని గూర్చి తలచిరో ఆయన అధ్యక్షతనే నేడు నిలిచిరి. మిగిలిన యిరువురు రాలేదు. వచ్చినవారిలోను కొందరు పిమ్మట విడిపోయిరి.

ఈ సఖ్యము వీరేశలింగంగారి దానివంటిది కాదు. విశ్వనాథ, శ్రీశ్రీల దానివంటిదియు కాదు. ఇది పనిలో కలిసిన సఖ్యము. యువకుల సవాలు పెద్దకవిని కదలించెను. పెద్దకవి కదలిక యువకుల కోపమునకు దారి చూపెను. విప్లవమార్గమును గూర్చి చదువరులలో భిన్నాభిప్రాయము లుండవచ్చును. ఆ చర్చ ఈ వ్యాసమునకు వెలుపలిది. వీరికి లాభమేమి కలిగెనని మాత్రము అడుగుదము. 1971లో ఆ నలుగురిలో ముగ్గురిని ప్రభుత్వము నిర్బంధ చట్టముక్రింద చెరసాలలో పెట్టెను. మెప్పు వెనుక శాలువ యుండునన్న మూడవ అనుమానమునకు ఇంతకంటె జవాబేమి కావలెను? మరియు, కొందరు విడిపోయినంతమాత్రమున ఆనాటి కలయిక అబద్ధము కాజాలదు. సఖ్యము శాశ్వతమైనచోనే సత్యమని నియమమేదియు లేదు.

ఇంతవరకు విమర్శించినవారిని గూర్చి చెప్పితిని. విమర్శకు గురియైనవాని కర్తవ్యమేమి? దీనికి సాక్ష్యము ఈ నగరముననే పుట్టిన గ్రంథము. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని యొక పండితుడు వ్రాసినపుడు, ‘గోలకొండ’ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు తిట్లకు తిట్లు అచ్చువేయలేదు. ఊరూరికి జాబులు వ్రాసి, పద్యములు తెప్పించి, 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించెను. అంతటితో నాగెనా? తమ ప్రాంతమును చులకన చేసినవారిపై కినుక వహించి తన తెలంగాణమునకే గిరిగీసికొని కూర్చుండెనా? ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వ్రాసి తెలుగువారందరి తిండి, బట్ట, ఆట, పాట, నమ్మకములను ఒకే గ్రంథమున కూర్చెను. కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకు తొలిసారి 1955లో ఇచ్చిన పురస్కారము, ఆయన మరణానంతరము, ఆ గ్రంథమునకే వచ్చెను. అవమానింపబడిన ప్రాంతమువాడు అవమానించినవారి పూర్వుల చరిత్రనుకూడ ప్రేమతో వ్రాసెనన్నమాట. కరచాలనము లేదు, సభ లేదు, ఛాయాచిత్రము లేదు. అయినను ఇంతకంటె గొప్ప సఖ్యమును నేనెరుగను.

సఖ్యపడనివాని గతి యేమగునో చూపుటకు మా బేగంపేటయే యొక దృష్టాంతము దాచియుంచినది. రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు 1897 ఆగస్టు 20వ తేదీన ఇక్కడనే దోమ కడుపులో చలిజ్వరపు క్రిమిని కనుగొనెను. ఆయన పేరుగల భవనము నేటికిని బేగంపేటలో నున్నది. ఆయన వైద్యుడు మాత్రమే కాడు. పద్యములు, నవలలు వ్రాసినవాడు. తన ఆవిష్కరణమును గూర్చి కూడ పద్యము వ్రాసెను. కావున కళాకారుల నడుమ ఆయనను పిలుచుట తగనిది కాదు. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షులకు వచ్చు జ్వరము దోమకాటువలన సంక్రమించు విధమును రాస్ నిరూపించెను. అదే సంవత్సరము ఇటలీలో గ్రాసి మొదలగువారు మనుష్యులకు వచ్చు జ్వరమును అనాఫిలిస్ దోమయే మోయునని చూపిరి. ఒకరి పని మరియొకరి పనిని పూర్తిచేసినది. ఇద్దరును చేతులు కలుపవలసిన ఘట్టము అది.

కలుపలేదు. ఈ కీర్తి ఎవ్వరిదను వివాదము చెలరేగెను. 1902లో నోబెలు బహుమానము రాస్ ఒక్కనికే వచ్చెను. లోకమున నంతకంటె పెద్ద బహుమానము లేదు. గెలిచినవాని మనస్సు చల్లబడవలెను గదా? చల్లబడలేదు. 1923లో ప్రకటించిన తన జ్ఞాపకముల గ్రంథములోను ఆయన గ్రాసిపై నిప్పులు చెరిగెను. తనకు దారి చూపిన మాన్‌సన్‌తోను పిమ్మట తగవులాడెను. గ్రాసి 1925లోను, రాస్ 1932లోను గతించిరి. మూడు దశాబ్దములకు పైగా నొక మేధావి తన బలములో నెంత భాగమును ఈ మంటలో వేసెనో లెక్కింపగలవారెవరు? గెలుపు కోపమును చల్లార్చదు. ఎదుటివాని పనిని నెమ్మదిగా మరల చూచినచోనే అది చల్లారును.

దీనికెదురుగా రష్యాదేశమునందలి కథ యొకటి కలదు. టాల్‌స్టాయ్, తుర్గేనెవ్ అను ఇద్దరు మహారచయితలు 1861లో మాటామాట పెరిగి ద్వంద్వయుద్ధపు సవాలు వరకు పోయిరి. పదునేడేండ్లు ఎడమొగము పెడమొగము. 1878లో టాల్‌స్టాయ్ తానే మొదట జాబు వ్రాసి సఖ్యము కోరెను. తుర్గేనెవ్ ఆ యేడే ఆయన పల్లెకు పోయి కలిసికొనెను. వారి భేదములు పోలేదు. టాల్‌స్టాయ్ నవలలు మాని మతచింతలో మునుగుట తుర్గేనెవ్‌కు నచ్చలేదు. నచ్చలేదు గనుకనే 1883లో మరణశయ్యనుండి ఆయనకు జాబు వ్రాసి, మరల సాహిత్యరచనకు రమ్మని వేడుకొనెను. చదువరులారా, ఆ జాబులో నున్నది విమర్శయే. కాని ఎట్టి విమర్శ? ఒక రచయిత చనిపోవుచు ఎదుటి రచయిత ప్రతిభను దేశమునకై యాచించిన విమర్శ. పరిణతి పొందిన విమర్శ యనగా నిదియే. సఖ్యమువలన విమర్శ మాయము కాదు; దానిలోని విషము మాత్రము పోవును.

ఇంతకును ఈ సఖ్యములకు అడ్డుపడువారెవ్వరు? తగవుపడినవారు కారు, వారి అనుచరులు. గురువు మరచిన తగవును శిష్యుడు పద్దు వ్రాసి దాచుకొనును. గురువునకు విమర్శ యొక పని. శిష్యునకు అదియే కులదైవము. విశ్వనాథను చదువని శ్రీశ్రీ భక్తులను, శ్రీశ్రీని చదువని విశ్వనాథ భక్తులను ఈ నగరమున ఏ సభలోనైనను చూడవచ్చును. ఇద్దరిని చదువనివారు ఇద్దరి పక్షమునను ఇంకను గట్టిగ అరచుచుందురు. ఇది సాహిత్యమునకే పరిమితము కాదు. అమీరుపేట సారథీ స్టూడియో కట్టిన కాలమున నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు పదికి పైగా చిత్రములలో కలిసి నటించినవారే. తెరపై వారు ప్రక్కప్రక్కన నిలిచి మెప్పించుచుండ, హాలు వెలుపల వారి అభిమానులు తిట్టుకొనుచుండిరి. ఇది మన జాతికి పాతజబ్బు.

ఈ జబ్బునకు నేడు క్రొత్త వాహనము దొరికినది. మైత్రీవనము చుట్టుపట్ల వసతిగృహములలో నుండి కంప్యూటరు విద్య నేర్చుకొను యువకులు వేలకొలది. వారిలో సాహిత్యాభిరుచి గలవారు తక్కువ కాదు. కాని వారికి సాహిత్యము చేతిలోని ఫోనుద్వారా తునకలు తునకలుగా చేరుచున్నది. ఒక కవి మరియొక కవిని తిట్టిన వాక్యము వచ్చును. అది ఏ సంవత్సరమున అన్నదో రాదు. పిమ్మట అదే నోరు ఏమనెనో రాదు. ఏబదియేండ్లక్రింద చల్లారిన కోపము ఈ ఉదయమే పుట్టినట్లు కనబడును. దానికి కులమును, ప్రాంతమును, పార్టీని జతచేసి పంచిపెట్టువారు సిద్ధముగ నుందురు. పోట్లాడినవారు కాటికి పోయిరి. కొట్లాట మాత్రము పసిపిల్లవలె చేతులు మారుచున్నది. ఇందు నష్టపోవునది చచ్చిన కవులు కారు. ఇరువురి సంపదకును వారసుడు కావలసినవాడు ఒకనిని మాత్రమే వారసత్వముగ పొందుచున్నాడు. ఆ యొకనిని కూడ చదువుటలేదు, మోయుచున్నాడు.

అయినచో సంస్కారముగల గృహములు చేయవలసినదేమి? మొదటిది, పిల్లలకు తగవులు దాచి మహాకవుల పటములు మాత్రము చూపుట మానవలెను. వీరేశలింగంగారు కొక్కొండవారితో పోరాడిరని చెప్పుడు. ఎందులకు పోరాడిరో చెప్పుడు. పోరాటములో నెవరెక్కడ హద్దు మీరిరో అదియు చెప్పుడు. తగవు తెలియనివానికి సఖ్యము విలువ తెలియదు. రెండవది, తేదీతోకూడ చెప్పుడు. 1930ల మాటను 1970ల మాటతో కలిపి చెప్పుట చరిత్ర కాదు, చాడీ. మూడవది, పుస్తకముల బీరువాలో ఎదురుపక్షములను ప్రక్కప్రక్కన నిలువనిండు. ‘మహాప్రస్థానము’ ప్రక్కన ‘వేయిపడగలు’ నిలిచినంతమాత్రమున బీరువా అంటుకొనదు; పిల్లవాని బుద్ధి మాత్రము అంటుకొని వెలుగును.

పత్రికాసంపాదకులకును నొక మాట. కఠినమైన విమర్శను మొగమాటమునకు లోనై తిప్పిపంపకుడు; అదే విమర్శకుడు పదేండ్లకు తన తీర్పును సవరించుకొనుచు వ్రాసినచో దానిని సంచిక చివర నొక మూలను దాచకుడు. మొదటిదానికి ఎంత చోటిచ్చితిరో రెండవదానికిని అంత చోటియ్యుడు. తిట్టునకు ముఖపత్రమును, మెప్పునకు మూలపుటను ఇచ్చు పత్రికలే రచయితలకు పరిణతి యనిన సిగ్గుపడుట నేర్పుచున్నవి.

యువ రచయితలకు నేను చెప్పునది సఖ్యపడుడని కాదు. మీకు సత్యమని తోచినదానిని ఇప్పుడే, గట్టిగ, పేరు పెట్టి వ్రాయుడు. మీరు ఖండించునది మనుష్యుని పనినా, మనుష్యునినా యని మాత్రము వ్రాయుటకు ముందొకసారి చూచుకొనుడు. పనిని ఖండించినవాడు ఎన్నడైనను ఆ పనిని మరల చదివి న్యాయము చేయగలడు. మనుష్యుని పుట్టుకను, కులమును, రూపమును ఖండించినవానికి తిరిగి వచ్చుటకు వంతెన మిగులదు. దానిని తానే తగులబెట్టుకొనెను. పెద్ద రచయితలకును ఇంతే చెప్పుదును. మీరు ఒకనాడు తిట్టినవాని పుస్తకము ఇంటిలో నున్నచో దుమ్ము దులిపి మరల చదువుడు. తీర్పు మారనిచో మారలేదని వ్రాయుడు. మారినచో మారినదని వ్రాయుటకు ఆయన సంస్మరణసభ వరకు ఆగకుడు. ఆ మాట వినుటకు ఆయన బ్రతికియుండవలెను గదా.